స్పానిష్‌లో ‘అమెద్రెంతార్’ ఎప్పుడు వాడాలి, ‘ఇంతిమిదార్’ ఎప్పుడు?

స్పానిష్ బాగా తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. లాటిన్ అమెరికా వార్తల్లో, ముఖ్యంగా విలేకరులనో సాక్షులనో ఎవరైనా భయపెట్టారని రాసేచోట, ‘అమెద్రెంతార్’ అనే క్రియ తరచూ కనిపిస్తోంది. భయం అనే అర్థమున్న ‘మియెదో’కి ఇది చుట్టమే, కాబట్టి అర్థం తెలుస్తూనే ఉంది. ‘ఇంతిమిదార్’ అన్నా దాదాపు అదే, భయపెట్టడమే. నా సందేహమంతా వాడుక గురించే.

‘చంపేస్తా’ అని నోటితో బెదిరిస్తే ‘అమెనసార్’ అంటారు. మరి ఒక్క మాట కూడా అనకుండా, రోజూ ఇంటి ముందు బండి ఆపి చూస్తూ నిలబడితే? అది అమెద్రెంతారా, ఇంతిమిదారా? పోనీ, ఎదుటి మనిషి గంభీరంగా ఉండటం వల్ల మనకే మాట పెగలకపోతే (పాపం అతను ఏమీ చేయలేదు), అక్కడ ఇంతిమిదార్ సరిపోతుంది. అమెద్రెంతార్ మాత్రం అతకదనిపిస్తోంది. నిజమేనా?

ఇంకొకటి. స్పెయిన్‌లో భయపెట్టడాన్ని ‘అకొహొనార్’ అని కూడా అంటారు. బూతు మాట నుంచి పుట్టిందని తెలుసు, టీచర్ ముందు వాడను లెండి. స్నేహితుల మధ్య మామూలేనా? మెక్సికో, అర్జెంటీనావాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుందా?

నిఘంటువు అర్థాలు చూసేశాను. ఒక్కో మాటకీ రోజూ మాట్లాడుకునే వాక్యం ఒకటి చెబితే చాలు.