ఉద్యోగం కోసం ప్రార్థించడం స్వార్థమా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. మోకరించిన ప్రతిసారీ నోటికి వచ్చేది ఇదొక్కటే, "ప్రభువా, ఏదో ఒక పని చూపించు" అని. తర్వాత సిగ్గేస్తుంది, లోకంలో ఇంతమంది ఇన్ని బాధల్లో ఉంటే నేను నా జీతం గురించి దేవుణ్ణి విసిగిస్తున్నానేమో అని. పైగా అడగకముందే మనకేం కావాలో ఆయనకు తెలుసని మత్తయి 6:8లో ఉంది కదా, మరి అడగడం ఎందుకు? భోగాల కోసం అడిగితే దొరకదనే యాకోబు 4:3 చూస్తే ఇంకా భయమేస్తోంది.

జవాబు:
బ్రదర్, మీరు చెప్పిన 8వ వచనం దగ్గర ఆగకుండా ఇంకాస్త చదవండి. తండ్రికి తెలుసని చెప్పిన వెంటనే యేసు ప్రార్థన ఎలా చేయాలో నేర్పించాడు, అందులోనే 11వ వచనంలో అనుదినాహారం అడగమన్నాడు. మీరు అడుగుతున్నదీ అదే. యాకోబు 4:3 భోగాల కోసం అడగడం గురించి చెప్పింది, ఇల్లు గడవడం గురించి కాదు. దాని ముందు వచనమైతే మీరు అడగరు కాబట్టే మీకు దొరకడం లేదంటుంది! ఆ ముక్క ఎవరూ గుర్తు చేయరెందుకో.

జవాబు:
నాకు ఈ విషయంలో బర్తిమయి గుర్తొస్తాడు (మార్కు 10). అతను గుడ్డివాడని చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు, అయినా యేసు "నీకేం చేయమంటావు?" అని అడిగాడు, అతని నోటితో వినాలనుకున్నాడు. 1 సమూయేలు 1లో పిల్లలు లేని హన్నా సంగతీ అంతే. ఆమె బిడ్డ కోసం ఏడుస్తూ పెదవులు మాత్రమే కదుపుతుంటే, యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు. ఆమె లేచి వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది, అప్పటికింకా గర్భం కూడా రాలేదు. నేను ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోతాను.

జవాబు:
అడిగితే వస్తుందని మాత్రం నేను చెప్పలేను సోదరా. మా అమ్మ ఆరోగ్యం కోసం రెండేళ్లు ప్రార్థించాం, ఆమె వెళ్లిపోయింది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే కృప చాలన్న జవాబే వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు, ఒకసారి కాదు, మూడుసార్లు, ప్రతిసారీ ముందు అడిగి, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. మనమేమో భక్తిగా కనబడాలని మొదటి మాట మింగేసి రెండోదానికి దూకుతాం. ఆ రెండేళ్లు నేను కోపంగా, ఏడుస్తూ, ఉన్నదున్నట్టు మాట్లాడాను కాబట్టే అమ్మ పోయాక కూడా ప్రార్థన మానలేకపోయాను. మీ పేరు రోజూ ప్రభువు దగ్గర తలుస్తాను.

ప్రశ్న అడిగినవారు:
హన్నా గురించి చదివి కళ్లు చెమర్చాయి. రేపు ఒక ఇంటర్వ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ రాత్రి కంపెనీ పేరు, టైమ్, కట్టాల్సిన అద్దె, అన్నీ ఆయనకు చెప్తాను.