ఉద్యోగం మానేసి ఊళ్ళో ఇల్లు చూసుకుంటున్నా, మనసు మాత్రం నిలవడం లేదు

పాకాల కోడలు:

అందరికీ వందనాలు. మాది నర్సంపేట అవతల, పాకాల చెరువు కింద ఒక ఊరు. పెళ్ళయ్యాక హన్మకొండలో అద్దెకు ఉన్నాం. నేను బీకాం చదివి ఒక ప్రైవేట్ ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. మామయ్యకు పక్షవాతం వచ్చాక నేనూ మా ఆయనా బాగా ఆలోచించుకుని, ప్రార్థన చేసుకుని, ఊరికి వచ్చేశాం. ఆయన వ్యవసాయం చేస్తున్నారు, వరి, కొంచెం పత్తి. ఇల్లు, మామయ్య, ఇద్దరు పిల్లలు నా పని. అత్తమ్మ లేరు.

ఎవరి బలవంతం మీదా రాలేదు. ఈ బతుకు నాకు ఇష్టం. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి సాన్పు చల్లుతుంటే ఊరంతా ఇంకా నిద్రలో ఉంటుంది. అప్పుడు చేసుకున్నంత ప్రార్థన హన్మకొండలో ఏ రోజూ చేసుకోలేదు. పెరట్లో పుంటికూర, బచ్చలి వేశాను, పందిరికి బీర పారింది. మామయ్యకు మాట సరిగ్గా రాదు. కానీ బట్టలు ఆరేస్తూ నేను కీర్తన ఎత్తుకుంటే, మంచంలో నుంచి రెండో చరణం ఆయనే అందుకుంటారు. పాటలో మాత్రం మాట తడబడదు. అది విన్న రోజు ఇంకేం కావాలి అనిపిస్తుంది.

మధ్యాహ్నం పని తీరాక ఫోన్ పట్టుకుంటాను. అక్కడే మొదలవుతుంది. నాతో పనిచేసిన వాళ్ళ స్టేటస్‌లు, కొత్త ఫ్లాట్లు, ప్రమోషన్లు. పోనీ మంచివి చూద్దామని విదేశాల్లో క్రైస్తవ గృహిణులు పెట్టే వీడియోలు చూస్తాను. తెల్లటి వంటగది, చెక్క బల్ల, ఇంట్లో కాల్చిన రొట్టె, వెనక మెల్లగా పియానో. చూసి లేచేసరికి మా రేకుల వంటిల్లు నాకే చిన్నగా కనిపిస్తుంది. మా చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "గంత సదివి పొయ్యి ముందట కూసున్నవా బిడ్డా" అంటుంది. ప్రేమతోనే అంటుంది, కానీ రాత్రి దాకా గుచ్చుకుంటుంది.

ఇంకోటి. సంఘంలో ఒక సిస్టర్, లోకానికి దూరంగా ఉండాలంటే బతుకమ్మ రోజుల్లో తలుపులు వేసుకోవాలి, పక్కవాళ్ళతో రాకపోకలు తగ్గించాలి అన్నారు. పొద్దున లేస్తే మామయ్యను పక్కకు తిప్పడానికి చెయ్యేసేది ఆ పక్కింటి వదినే. నాకు అర్థం కావడం లేదు. దూరం అంటే ఎంత దూరం? ఇలా బతుకుతున్న అక్కలు, అమ్మలు మీ ఇంట్లో ఎలా చేసుకుంటారో చెప్పండి.


డోర్నకల్ అమ్మమ్మ:

బిడ్డా, వందనాలు. నేను చెప్తుంటే మనవరాలు టైపు చేస్తోంది.

మాది నాలుగు తరాల సంఘం. అజరయ్య బిషప్పు గారి కాలంలో మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకుంది. ఆయన 1912లో మా డోర్నకల్ బిషప్పు అయ్యారు, 1945లో పోయారు. ఇక్కడి పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయితే మా నాయనమ్మ పసిపిల్లను చంకనేసుకుని నడిచొచ్చిందట. ఆమెకు అక్షరం ముక్క రాదు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, కొన్ని కీర్తనలు నోటికి నేర్చుకుని, నాట్లేస్తూ మాకు నేర్పింది. ఆమె ఇంట్లో తెల్లది అన్నది సున్నం గోడ ఒక్కటే. నువ్వు చూసే వీడియోలో ఇల్లు ఎంత బాగున్నా, అందులో మంచం పట్టిన మామయ్య లేడు, మబ్బు పట్టిందంటే పత్తి తడుస్తుందన్న దిగులు లేదు. అది వాళ్ళ ఇల్లు. దేవుడు నీకిచ్చింది ఇది.

ఆమె అన్నం వండేటప్పుడు కడగకముందే గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో పోసేది. ఆదివారం అవి గుడికి పోయేవి. ఇంట్లో నూకలే ఉన్న రోజు ఆ నూకల్లోంచే గుప్పెడు. నేనూ అదే చేస్తాను, నా కోడలూ చేస్తుంది. నీ వంటింట్లో కూడా ఒక డబ్బా పెట్టుకో. చేసే వంట మన కడుపు కోసమే కాదని రోజూ చెయ్యి గుర్తు పెట్టుకుంటుంది. కోత పండుగకు మొదటి వడ్లు, మొదటి గుమ్మడికాయ తీసుకుపోతాం కదా, ఇది రోజూ చేసే కోత పండుగ.

ఫోన్ సంగతి. మా ఇంట్లో దానికి ఒక గూడు ఉంది, టీవీ పక్కన. మోగితే లేచి పోయి నిలబడి మాట్లాడాలి. మంచం మీదికి, పీట మీదికి రాదు. నిలబడి ఎంతసేపు చూస్తారు, కాళ్ళు గుంజుతాయి. పూర్తిగా తీసేయమని నేను చెప్పను, మీ మామయ్యకు రాత్రి ఏమన్నా అయితే 108కి చేసేది దాంతోనే. మధ్యాహ్నం నీకు దొరికే ఆ గంట మాత్రం దానికి ఇవ్వకు. పడుకో. నిజంగా చెప్తున్నా, కునుకు తియ్యి. రోగిని చూసుకునే ఆడదానికి నిద్ర చాలకపోతే ఎవరేం అన్నా గుచ్చుకుంటుంది.

ఇక బతుకమ్మ. నేను పూజలో కలవను, ఆడను. అది నా విశ్వాసం, ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ తలుపు వెయ్యను. తంగేడు పూలు మా చెలక గట్టు మీద బాగా పూస్తాయి, వచ్చి కోసుకుపొమ్మంటాను. వాళ్ళు ఆడి వచ్చేదాకా పసిపిల్లలు మా అరుగు మీదే ఉంటారు. క్రిస్మస్‌కు మా ఇంట్లో సకినాలు చుట్టేది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం తీసి చూడు. పదకొండో వచనంలో నెమ్మదిగా ఉండండి, మీ పని మీరు చూసుకోండి, చేతులతో పనిచేయండి అని పౌలు చెప్పాడు. వెంటనే పన్నెండులో బయటివాళ్ళ దగ్గర మర్యాదగా నడుచుకోమన్నాడు. తలుపు వేసుకున్నవాళ్ళు మర్యాద చూపించేది ఎవరికి? నీ మామయ్యకు చెయ్యేసే వదినను దూరం పెట్టకు.


కరీంనగర్ స్టాఫ్ నర్స్:

అమ్మమ్మ గారి మాట చదివి కళ్ళు చెమర్చాయి. ఆ పన్నెండో వచనం ఇంకా ఉందండీ. మీకు ఏమీ కొదువ లేకుండా ఉండేలా అని ముగుస్తుంది. నేను దాని గురించే రాస్తాను, ఎందుకంటే వార్డులో రోజూ చూసేది అదే. భర్త మంచివాడే, ఇల్లు ప్రశాంతమే. ఒక రోజు ఆయన ట్రాక్టర్ కింద పడితే, ఆమెకు ఏ కాగితం ఎక్కడుందో తెలియదు.

చెల్లీ, పొలం ఇంకా మామయ్య పేరు మీదే ఉందా? తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే రైతు బీమా పట్టాదారు పేరు మీద ఉంటుంది. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు వస్తాయి. పట్టా పెద్దాయన పేరు మీద ఉండి, దున్నేది మీ ఆయన అయితే, మీ ఆయనకు ఆ బీమా లేనట్టే. ఆయనకు పట్టా మారితే నామినీగా నీ పేరు రాయించు. కుదిరితే కొంత భూమి నీ పేరు మీద పెట్టుకోండి. ఈ మాట మామయ్య కూర్చుని వినగలిగినప్పుడే, ఆయన ఇష్టంతోనే మాట్లాడండి. ఇది దురాశ కాదు. సామెతలు 31లో ఉన్న గుణవతి పొలం చూసి తీసుకుంటుంది, తన చేతి సంపాదనతో ద్రాక్షతోట నాటుతుంది, బట్టలు నేసి అమ్ముతుంది. ఇంట్లో ఉన్నదని ఆమె చేతిలో పైసా లేకుండా లేదు.

ఊళ్ళో మహిళా సంఘంలో చేరు. బీకాం చదివినదానివి, వాళ్ళ పుస్తకాలు రాసేవాళ్ళ కోసం వాళ్ళే వెతుకుతుంటారు. నెలకు ఒక మీటింగ్, నీ నెమ్మది ఎక్కడికీ పోదు. నీ చదువు ఊరికి పనికొస్తుంది. చిన్నమ్మకు కూడా అదే చెప్పు.

ఒక నర్సుగా ఇంకో మాట. మామయ్యను రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, మడమలు, నడుము దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. పుండు పడితే మానడం చాలా కష్టం. పాట పాడించడం అస్సలు ఆపకండి. మాట పోయినవాళ్ళకు పాట మిగలడం నేను చాలామందిలో చూశాను, పాటలోంచి మాట తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు.


జనగామ రైతు:

అక్కలు రాసుకుంటున్న చోట నేను రాయొచ్చో లేదో. ఆ పదకొండో వచనం సంఘమంతటికీ రాసింది, ఆడవాళ్ళకు మాత్రమే కాదు. నెమ్మది మగవాడికి కూడా చెప్పిన పనే. మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన నేనే మొదలుపెడతాను, ఆ టైంకు ఫోన్ నాదే ముందు పక్కన పెడతాను. మా నాయన మంచంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున స్నానం నేను చేయించేవాణ్ణి, తర్వాతే పొలం. మీ ఆయనకు నా వందనాలు చెప్పి ఈ మాట చదివి వినిపించండి.


పాకాల కోడలు:

అందరికీ ఎంతో వందనాలు. ఇవన్నీ రాత్రి మామయ్య మంచం దగ్గరే కూర్చుని చదివి వినిపించాను. పట్టా మాట రాగానే ఆయనే చెయ్యెత్తి పెట్టె చూపించారు. పాసుబుక్కు అందులో ఉంది. పంట డబ్బులు వచ్చాక నర్సంపేట పోయి పట్టా మార్పిడికి స్లాట్ బుక్ చేద్దాం అన్నారు మా ఆయన. పొద్దున స్నానం సంగతి విని ఆయన ఏమీ అనలేదు కానీ, తెల్లారి నీళ్ళు ఆయనే కాచారు. పక్కింటి వదినకు బీరకాయలు ఇచ్చి వచ్చాను.

అమ్మమ్మా, ఒక్కటి అడుగుతా. రాత్రి ప్రార్థనకు చిన్నోడు ఒక్క నిమిషం కూర్చోడు. మూడేళ్ళు. వాడి వెంట పరుగెత్తడంలోనే ప్రార్థన అయిపోతుంది. ఏం చేయాలి?


డోర్నకల్ అమ్మమ్మ:

కూర్చోబెట్టకు బిడ్డా. పాటల పుస్తకం వాడి చేతికివ్వు, పేజీ తీసేది వాడే అని చెప్పు. తప్పు పేజీ తీస్తే ఆ పాటే పాడండి. ప్రార్థన చిన్నగా చెయ్యి, మామయ్య ఆమెన్ అన్నాక వాణ్ణి కూడా గట్టిగా అనమను. మా ఇంట్లో పిల్లలందరూ అరుపుతోనే నేర్చుకున్నారు.