గ్రంథాలు చదివి బతుక్కి పనికొచ్చే సూత్రం పట్టుకోవడం ఎలా?

మణికొండ_చదువరి:
భగవద్గీత తాత్పర్యంతో సహా పూర్తి చేశాను. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు, పుస్తకం నిండా పెన్సిలు గీతలు. తీరా అవసరం పడిన రోజున ఒక్క శ్లోకమూ దారి చూపలేదు. మా ఆఫీసులో ఇది ఏడాది పనికి మార్కులు వేసే కాలం. నా బృందంలో ఎవరో ఒకరికి అట్టడుగు మార్కు పడి తీరాలని పైనుంచి మాట వచ్చింది. అందరూ పనిచేసేవాళ్లే. ఒకాయన నెమ్మదస్థుడు, ఎదురు చెప్పడు. అందుకే ఆయన పేరే అందరి నోటా నలుగుతోంది. "స్వధర్మే నిధనం శ్రేయః", అంటే తన ధర్మంలో చావైనా మేలే అని నాకు కంఠతా వచ్చు. ఇక్కడ నా స్వధర్మం ఏది? పైవాళ్లు చెప్పింది చేయడమా, ఆయన పక్షాన నిలవడమా? చదివినదాన్ని మీరెలా ఆచరణలోకి తెచ్చుకుంటున్నారో చెప్పండి. ప్రవచనాలు వినమని మాత్రం అనకండి, అవీ వింటూనే ఉన్నాను.

చిక్కడపల్లి_మాస్టారు:
బాబూ, గీత పక్కన పెట్టి ఒకసారి కర్ణపర్వం తీయండి. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అర్జునుడి శపథం. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరానికి చేరిన ధర్మరాజు, ఆ బాధలో సరిగ్గా ఆ మాటే అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. మాట తప్పడం అధర్మం కదా మరి! అప్పుడు కృష్ణుడు అతణ్ణి ఆపి కౌశికుడి కథ చెబుతాడు. సత్యమే పలకాలని వ్రతం పట్టిన తపస్వి ఆయన. ప్రాణభయంతో కొందరు అడవిలో దాక్కున్నారు. వెంటపడి వచ్చిన దొంగలు అడిగితే వాళ్లు ఎటు పోయారో ఉన్నదున్నట్టు చెప్పాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు.

సత్యాన్ని నెత్తిన పెట్టుకునే గ్రంథంలోనే ఈ కథా ఉంది. కాబట్టి శ్లోకాన్ని విడిగా పెరికి జేబులో వేసుకుంటే పనికి రాదు. ఎవరు, ఎవరితో, ఏ సంకటంలో అన్నారో కలిపి చదవాలి. బడుల్లో మనం చేసేది దీనికి తలకిందులు: కథ వదిలేసి నీతి రాయమంటాం.

మీ చిక్కుకు నేనైతే తిక్కన పద్యాన్ని అడుగుతాను.

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ఎదుటివాళ్లు చేస్తే మనకు నొచ్చేది మనం ఎవరికీ చేయకూడదని దీని సారం. మీ నెమ్మదస్థుడి కుర్చీలో మీరుంటే మీకు ఏది ఎక్కువ నొప్పి? తక్కువ మార్కా, కారణం చెప్పకుండా చాటుగా వేసిన మార్కా? ముందు అది తేల్చుకోండి.

తార్నాక_నర్సు:
మా ఇంట్లో బైబిలు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. ఏ తేదీకి ఆ అధ్యాయం చదవడం మా అమ్మ నేర్పిన పద్ధతి. బస్సులో చదువుకుంటాను. "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" అన్నది నాకు రాత్రి డ్యూటీలో పనికొచ్చింది. సెలైన్ సీసా అయిపోయిందని ఒక పెద్దాయన కొడుకు వార్డు దద్దరిల్లేలా అరుస్తున్నాడు. నేను సీసా మారుస్తూ, గొంతు బాగా తగ్గించి, "నాన్నగారు సాయంత్రం ఏమైనా తిన్నారా?" అని అడిగాను. జవాబు చెప్పడానికి అతనూ గొంతు తగ్గించాల్సి వచ్చింది.

అయితే అదే గ్రంథం 26వ అధ్యాయంలో 4, 5 వచనాలు చూడండి. మూర్ఖుడికి వాడి ధోరణిలో జవాబివ్వకు అంటుంది ఒకటి, ఇవ్వు అంటుంది దాని పక్కదే. చిన్నప్పుడు ఇది అచ్చుతప్పేమో అనుకునేదాన్ని. ఇప్పుడు వార్డులోకి అడుగుపెట్టగానే ఇవాళ నాలుగో వచనమా, ఐదో వచనమా అని చూసుకుంటాను.

అంబర్‌పేట_సందేహి:
మీరంతా చెబుతున్నది వింటే నా అనుమానం ఇంకా బలపడుతోంది. ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవచ్చన్నమాట. మాస్టారు కర్ణపర్వం ఎత్తారు కాబట్టి నేనూ అక్కడి నుంచే అడుగుతాను. రథచక్రం నేలలో కుంగినప్పుడు కర్ణుడు ధర్మం గుర్తుచేశాడు, ఆయుధం వదిలినవాణ్ణి కొట్టకూడదని. మాట అక్షరాలా నిజం. ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు, అభిమన్యుణ్ణి అందరూ కలిసి చంపినప్పుడు నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు నిలదీశాడు. మా బంధువుల్లో ఇలాంటి కర్ణులు బోలెడు మంది. ఆస్తి పంపకాల రోజున అందరికీ శాస్త్రం గుర్తుకొస్తుంది.

నా కొలత ఒకటే. మీరు పట్టుకున్న సూత్రం ఎవరి జేబు నుంచి ఖర్చవుతోంది? ఎప్పుడూ ఎదుటివాడి జేబు నుంచే అయితే దాన్ని నమ్మను.

తార్నాక_నర్సు:
సందేహి గారూ, మత్తయి సువార్త 4వ అధ్యాయంలో సాతాను కూడా లేఖనమే ఎత్తి చెబుతాడు. మీ అనుమానం మా గ్రంథంలోనూ ఉంది!

సీతాఫల్‌మండి_పిన్ని:
సందేహి గారి ప్రశ్నకు నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. పోతన భాగవతంలో వామనచరిత్ర మనందరికీ తెలిసిందే. శుక్రాచార్యుడు బలిని పక్కకు పిలిచి, ప్రాణం, విత్తం, మానం పోయేటప్పుడు బొంకవచ్చు, పాపం రాదు అంటాడు. గురువు, పైగా శాస్త్రం తెలిసినవాడు. "కారే రాజులు, రాజ్యముల్ గలుగవే" అంటూ బలి వినలేదు. ఆ మినహాయింపు బలికి తెలియక కాదు. అది తన ఆస్తిని కాపాడటానికే పనికొస్తోంది కాబట్టి వద్దన్నాడని నాకు తోస్తుంది. మాస్టారు చెప్పిన కౌశికుడి దగ్గర అబద్ధం ఇంకొకరి ప్రాణాన్ని కాపాడేది. రెండింటికీ తేడా అక్కడే ఉంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురి ఇంటర్ ఫీజుకు డబ్బు ఇస్తానన్నాను. ఆ నెలలోనే ఫ్రిజ్ పాడైంది. "మర్చిపోయానని చెప్పు, ఆమె ఏమంటుంది" అన్నారు మావారు. ఆయన కూడా భాగవతం వింటారు, రోజూ, టీవీలో. ఫీజు కట్టాం. వేసవిలో కుండ నీళ్లు తాగాం.

మణికొండ బాబూ, ఒక చిన్న పద్ధతి. నోటుపుస్తకంలో ఎడమ పక్క ఆ రోజు చదివిన ఘట్టం నుంచి ఒక్క వాక్యం, మీ సొంత తెలుగులో రాయండి. కుడి పక్క ఖాళీ వదిలేయండి. అది ఎక్కడైనా పనికొచ్చిన రోజున మాత్రమే నింపాలి. నా పుస్తకంలో కుడి పక్క ఎక్కువగా తెల్లగానే ఉంది, కానీ నింపినవి మర్చిపోను.

టోలీచౌకి_పాఠకుడు:
ఖురాన్ తెలుగు అనువాదం చదువుతాను. అరబ్బీ చదవడం వచ్చు, అర్థం తెలుగులోనే తెలుస్తుంది. 114 సూరాల్లో, అంటే అధ్యాయాల్లో, నేను తిరిగి తిరిగి వెళ్లేది 49వది, అల్ హుజురాత్. 18 ఆయత్‌లే, అంటే వచనాలే. నమ్మదగని మనిషి వార్త తెస్తే విచారించుకోండి, లేకపోతే తెలియక కొందరికి హాని చేసి తర్వాత బాధపడతారు అంటుంది 6వ ఆయత్. అనుమానించకండి, ఆరా తీయకండి, వెనకాల చెడు చెప్పుకోకండి అంటుంది 12వది.

మా అపార్టుమెంటు వాట్సాప్ బృందంలో ఒకసారి వాచ్‌మన్ మీద పార్సెల్ దొంగతనం నింద వచ్చింది. ఫొటోతో సహా. అతణ్ణి తీసేయాలని అందరూ బొటనవేలు గుర్తులు పెడుతున్నారు. నేను గుర్తు పెట్టలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. కిందికి వెళ్లి అతన్నే అడిగాను. ఆ పార్సెల్ తీసుకెళ్లింది నింద వేసినవాళ్ల ఇంటి అబ్బాయే, సంతకం పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఫొటో తీసి బృందంలో పెట్టాను, అంతే. "పంపే ముందు అడుగు" అన్నదే అప్పటినుంచి నా సూత్రం. పెద్ద పెద్ద మాటలకన్నా ఇలాంటి చిన్నది పట్టుకోవడమే నయం, మాటిమాటికీ పని పడుతుంది.

మణికొండ_చదువరి:
అందరికీ నమస్కారం. మాస్టారి ప్రశ్న, సందేహి గారి కొలత రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పేరు రాస్తే నాకు ఒక్క పైసా ఖర్చు లేదు. నాకు అక్కడే తెలిసింది. నలుగురి పనీ పక్కపక్కన ఉంచి ఒక కాగితం తయారు చేశాను. దానిలో ఎవరి ముఖం మీద చదవలేని వాక్యం ఒక్కటీ ఉంచలేదు. ఆ లెక్కన ఆయనది అట్టడుగు స్థానం కాదు. అదే పైవాళ్లకు ఇచ్చి, ఆయన పేరు నేను పెట్టలేనన్నాను. మీరే పెడతారా, లేక ఇంకొకరి చేత పెట్టించాలా అన్నారు. ఇంకా తేలలేదు. నా మార్కుల మీద ప్రభావం ఉండవచ్చని ఒక మిత్రుడి హెచ్చరిక.

అంబర్‌పేట_సందేహి:
మీ జేబు నుంచే కదా. నాకిక అభ్యంతరం లేదు.

చిక్కడపల్లి_మాస్టారు:
తేలకపోయినా ఫర్వాలేదు, బాబూ. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు "సత్యం వద, ధర్మం చర" అని చెప్పి ఊరుకోడు. మాలో ఉన్న మంచి నడతనే పాటించు, మిగతావి వద్దు అంటాడు. ఏ గురువు ఇంత మాట అనగలడు! ఇంకా, ఏం చేయాలో సందేహం వస్తే ఆలోచనపరులు, కఠినులు కానివాళ్లు, ధర్మం తప్ప వేరే ఆశ లేనివాళ్లు అక్కడ ఎలా నడుచుకుంటారో అలా నడుచుకో అంటాడు. మీ ఆఫీసులో అలాంటి మనిషి ఒకరైనా ఉంటారు. ఆ కాగితం ఆయనకూ చూపించండి.

మణికొండ_చదువరి:
ఉన్నారు, పదవీ విరమణకు దగ్గర్లో ఉన్న ఒక మేడమ్. రేపు అడుగుతాను. మాస్టారూ, కర్ణపర్వం తాత్పర్యంతో ఎక్కడ దొరుకుతుంది?

చిక్కడపల్లి_మాస్టారు:
తితిదేవాళ్లు కవిత్రయ భారతం వ్యాఖ్యతో వేశారు. హిమాయత్‌నగర్‌లో వాళ్ల ఆలయం దగ్గర అడిగి చూడండి. లేకపోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతి కోసం వెతకండి. ఎండ ఎక్కకముందే వెళ్లాలి. అట్ట చూసి మురిసిపోకుండా మధ్య పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూసుకోండి.