అప్‌డేట్: నట్టల మందు పనిచేయని మా గొర్రెల సంగతి

పోయిన నెల అడిగాను కదా, ఆల్బెండజోల్ రెండుసార్లు తాపినా గొర్రెలకు దవడ కింద నీరు దిగడం ఆగట్లేదని. మందు నకిలీదేమో అనుకున్నాను. పెంటికలు పరీక్ష చేయించమని చెప్పినవాళ్లందరికీ దండాలు.

ఈలోపు ఒక గొర్రె పోయింది. డాక్టరుగారు కోసి, నాలుగో పొట్ట తెరిచి చూపించారు. ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనినట్టు సన్నటి పురుగులు, ఇంకా కదులుతూనే ఉన్నాయి. హీమాంకస్ అట. ఒక్కోటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా రక్తం తాగుతుందట. వెయ్యి ఉంటే 50 మిల్లీలీటర్లు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గ్రాము పెంటికలో 2,400 పురుగు గుడ్లు తేలాయి. ఈసారి తూకం వేసి మరీ ఆల్బెండజోల్ తాపితే, 14 రోజులకు 1,500. కనీసం 95 శాతం తగ్గాల్సింది, 40 కూడా తగ్గలేదు. అంటే పురుగులే మందుకు మొండికేశాయి. ఏళ్ల తరబడి అదే మందు, అదీ కంటి అంచనా బరువుతో, తాపింది మేమే. లెవామిసోల్ అనే వేరే మందుకు మారాక గుడ్లు 50కి దిగాయి.

ఇప్పుడు కింది కనురెప్ప లాగి, దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా చార్టుతో (రెప్ప లోపలి రంగును బట్టి రక్తం ఎంత తగ్గిందో చెప్పే రంగుల పట్టీ) పోల్చి, పాలిపోయినవాటికే తాపుతున్నాం. అన్నింటికీ తాపితే మొండి పురుగులే మిగులుతాయి. కొన్నింటిని వదిలేస్తే మందుకు లొంగే పురుగులూ ఉండి వాటిని పలచన చేస్తాయి. నాన్నను ఒప్పించడానికి వారం పట్టింది.

నిన్న 62 గొర్రెల్లో తొమ్మిదింటికే తాపాం. నీరు దిగిన మూడు పిల్లల్లో రెండు కోలుకున్నాయి. మూడోది ఇంకా నీరసంగానే ఉంది, దానికి దాణా విడిగా పెడుతున్నా.