వండర్‌లాలో లైన్లలోనే రోజు గడిచిపోకుండా ఎలా? (విజయవాడ నుంచి 11 మందిమి)

బెంజి సర్కిల్:

దసరా సెలవుల్లో విజయవాడ నుంచి హైదరాబాద్ వండర్‌లాకి (రైడ్లుండే వినోద పార్కు) వెళ్లాలని అనుకుంటున్నాం. రెండు కుటుంబాలు, మొత్తం 11 మంది. పెద్దవాళ్లం ఆరుగురం, అందులో అత్తయ్యగారు, మామయ్యగారు పైకి ఎత్తేవి, గిరగిర తిప్పేవి ఎక్కరు. టెన్త్, ఇంటర్ పిల్లలు ముగ్గురు. చిన్నవాళ్లు ఇద్దరు, ఒకడు 128 సెం.మీ., పాప 96 సెం.మీ. టెంపో ట్రావెలర్ మాట్లాడుతున్నాం.

పండగ సెలవుల్లో ఒక్కో రైడ్‌కి గంట పైనే నిలబడాలని అందరూ అంటున్నారు. ఏ రోజు వెళ్తే నయం? ఇక్కడ ఎన్నింటికి బయల్దేరాలి? ఫాస్ట్‌ట్రాక్ టికెట్ (ఎక్కువ డబ్బు కడితే వేరే గేటు నుంచి త్వరగా పంపేది) 11 మందికీ తీసుకోవాలా? లోపలికి వెళ్లాక ముందు ఏవి ఎక్కాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

అరండల్‌పేట:

రోజు సంగతి ముందు చూద్దామండీ, మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. మనవాళ్లు మన క్యాలెండర్ చూసి టికెట్లు కొంటారు. పార్కు నిండేది మాత్రం హైదరాబాద్ జనంతో, కాబట్టి చూడాల్సింది తెలంగాణ సెలవుల పట్టిక. బోనాల సోమవారం మనకి మామూలు పనిదినం, అక్కడ సెలవు. జూన్ 2 కూడా అంతే. రెండో శనివారం రెండు రాష్ట్రాల్లోనూ సెలవే, ఆ రోజు పొరపాటున కూడా వద్దు. దసరాకి అక్కడ బతుకమ్మతో కలిపి బడులకి మనకంటే ఎక్కువ రోజులు సెలవులిస్తుంటారు. అందుకే దసరా సెలవుల్లో ఖాళీగా ఉండే రోజు దొరకడం కష్టం. తప్పదనుకుంటే శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి.

సంక్రాంతి దాకా ఆగగలిగితే ఇంకో దారి ఉంది. ఒక్కోసారి సంక్రాంతి తర్వాత తెలంగాణ బడులు మనకంటే ఒకటి రెండు రోజులు ముందే తెరుస్తారు. మన పిల్లలకి సెలవు, అక్కడి పిల్లలకి బడి. ఆ ఏడాది రెండు ప్రభుత్వాలు ఇచ్చిన తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. అయితే కనుమ దాటిన రెండు మూడు రోజులు పండక్కి వచ్చినవాళ్లంతా తిరిగి హైదరాబాద్ వెళ్తారు, ఆ వైపు రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌ప్లాజాలు మూడూ దాటాలి, అన్నిటికంటే ఎక్కువ ఆగేది పంతంగి దగ్గర. అలాంటి రోజుల్లో ముందురోజే వెళ్లి హయత్‌నగర్, వనస్థలిపురం వైపు రాత్రి ఉండిపోవడం మేలు.

ఇంకో సంగతి. నవంబర్ నుంచి జనవరి వరకు వారం మధ్యలో కూడా స్కూళ్ల విహారయాత్ర బస్సులు వరసగా వస్తాయి. పనిదినం కదా, ఖాళీగా ఉంటుందిలే అనుకోవద్దు. బడులు తెరిచాక జూలై, ఆగస్టుల్లో పనిదినాలు నిజంగా తేలిగ్గా ఉంటాయి. వాన పడితే కొన్ని రైడ్లు ఆపేస్తారు, దానికి సిద్ధపడాలి.

బయల్దేరే టైము: పార్కు 11 గంటలకి తెరుస్తారు, మీరు 10:15కల్లా గేటు దగ్గర ఉండాలి. విజయవాడ నుంచి 65వ నంబర్ జాతీయ రహదారిలో దాదాపు 270 కి.మీ. టెంపో ట్రావెలర్ సగటున గంటకు 60 కంటే ఎక్కువ రాదు, అంటే నాలుగున్నర గంటలు. సూర్యాపేటలో టిఫిన్‌కి అరగంట. తెల్లవారుజామున 4:30కి బండి కదిలితే టోల్‌ప్లాజాల దగ్గర కాస్త ఆగినా సరిపోతుంది. 6 గంటలకి బయల్దేరితే చేరి లోపలికి వెళ్లేసరికి 11 దాటిపోతుంది, అప్పటికి పెద్ద రైడ్ల దగ్గర లైన్లు మొదలైపోతాయి. మనవైపు నుంచి వెళ్లేవాళ్లకి రోజు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఊళ్లోకి వెళ్లనే వద్దు. పెద్ద అంబర్‌పేట దగ్గర, అంటే ఎగ్జిట్ 11లో, అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ వైపు తిరగండి. బొంగుళూరు ఎగ్జిట్ 12, దాని తర్వాతి రావిర్యాల ఎగ్జిట్ 13. అక్కడ దిగాలి. మ్యాపులో చిన్న దారి కనిపించిందని ఎల్బీనగర్ మీదుగా పోతే పొద్దున ఆఫీసు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. అవుటర్‌కి టోల్ వేరే, ఫాస్టాగ్‌లో రానూపోనూ సరిపడా డబ్బు ఉందో లేదో ముందురోజే చూసుకోండి.

పసుపు నంబర్ ప్లేటు బండి కాబట్టి తెలంగాణలోకి వెళ్లే పర్మిట్ ఉందా అని బండి మాట్లాడేటప్పుడే అడగండి. దారిలో తనిఖీకి ఆపితే ముప్పావుగంట అక్కడే పోతుంది. అదే రోజు రాత్రి వెనక్కి రావాలంటే డ్రైవర్ పగలు నిద్రపోవాలి, ఆయన్ని కూడా లోపలికి రమ్మని బలవంతం చేయకండి.

గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి దగ్గర అదే హైవేలో కలిసే దారి ఉంది, విజయవాడ ఊరు దాటే పని తప్పుతుంది.

లూప్ కోస్టర్:

లోపలి సంగతి నేను చెప్తాను. ఏ లైను ఎంతసేపు పడుతుందో అక్కడికక్కడే లెక్క కట్టొచ్చు. రైడ్ దగ్గరికి వెళ్లి ఒక బండి కదిలినప్పటి నుంచి మళ్లీ తర్వాతి విడత కదిలేదాకా ఎన్ని నిమిషాలో వాచీలో చూడండి. ఎన్ని సీట్లో లెక్కపెట్టండి. కమ్మీల మధ్య ఒక వరసలో ఎంతమంది ఉన్నారో చూసి వరసల సంఖ్యతో గుణించండి. ఉదాహరణకి 20 సీట్లు, విడతకి 4 నిమిషాలు అనుకుందాం. అంటే గంటకి 300 మంది. వరసకి 25 చొప్పున 6 వరసలుంటే ముందు 150 మంది, అరగంట. పక్కగేటు నుంచి ఫాస్ట్‌ట్రాక్ వాళ్లు విడతకి 5 సీట్లు తీసుకుంటుంటే మీకు మిగిలేది 15, అప్పుడు అదే లైను 40 నిమిషాలు. ఐదు నిమిషాల పని ఇది, మీ ఇంటర్ పిల్లలకి అప్పగించండి.

ఈ లెక్క తెలిస్తే ఏది ముందు ఎక్కాలో కూడా తెలుస్తుంది. రీకాయిల్ అనే లూప్ కోస్టర్ (తలకిందులుగా తిప్పే రైలులాంటి రైడ్) ముందుకెళ్లి అదే పట్టా మీద వెనక్కి వస్తుంది. ఒకే పట్టా మీద రానూపోనూ కాబట్టి రెండో బండి పెట్టే వీలు లేదు. జనం పది రెట్లు పెరిగినా అది మోసేది అంతే. అందుకని గేటు తెరిచిన వెంటనే అక్కడికే వెళ్లాలి. విడతలుగా ఎక్కించి, బెల్టులు బిగించి, తిప్పి, దించే పెద్ద రైడ్లన్నీ ఇదే కోవలోకి వస్తాయి. మొదటి గంటన్నరలో ఇలాంటివి మూడు నాలుగు పూర్తిచేస్తే మీ రోజు గట్టెక్కినట్టే. వేవ్ పూల్ (అలలు వచ్చే కొలను), లేజీ రివర్ (మెల్లగా తేలుతూ వెళ్లే నీళ్ల కాలువ) లాంటివి ఎంతమంది వచ్చినా పట్టేస్తాయి, వాటికి తొందర అక్కర్లేదు. చాలామంది దీనికి తలకిందులు చేస్తారు. గేటు దాటగానే కంటికి కనిపించిన మొదటి రైడ్ దగ్గర ఆగిపోతారు. మీరు దాన్ని దాటి ముందు రీకాయిల్‌కి వెళ్లి, మిగతా పెద్ద రైడ్లు తర్వాత చూసుకోండి.

ఏదైనా రైడ్ మధ్యలో ఆగిపోతే జనం విసిగి వెళ్లిపోతారు. అప్పుడు దూరం నుంచి ఒక కన్నేసి ఉంచండి. ఖాళీ బండి మనుషులు లేకుండా రెండు మూడు సార్లు తిరుగుతోందంటే పరీక్షిస్తున్నారని అర్థం, త్వరలో తెరుస్తారు. వెళ్లి నిలబడాల్సింది అప్పుడే. వానకి ఆపినప్పుడూ ఇదే పద్ధతి.

గుంపుగా ఒకే బండి ఎక్కాలని పట్టుపట్టకండి. చాలా రైడ్లలో సీట్లు ఇద్దరిద్దరికి ఉంటాయి. ఏడుగురు కలిసి ఆగితే వెనకవాళ్లకి దారిచ్చి ఒక విడత వదులుకోవాల్సి వస్తుంది. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక్క సీటు మిగిలిందని ఆపరేటర్ కేకేస్తే చెయ్యెత్తండి.

ఫాస్ట్‌ట్రాక్ 11 మందికీ దండగ. మామూలు టికెట్ మీద చాలా ఎక్కువ పడుతుంది. పెద్ద థ్రిల్ రైడ్లకి 140 సెం.మీ. ఎత్తు ఉండాలి, కాబట్టి మీ చిన్నవాళ్లిద్దరికీ అనవసరం. అత్తయ్యగారికి, మామయ్యగారికి అసలే వద్దు. మిగిలిన ఏడుగురిలో ఒకరు ఎప్పుడూ చిన్నవాళ్లతో ఉంటారు. మంగళవారమో బుధవారమో వెళ్తూ 10:15కి గేటు దగ్గర ఉండగలిగితే ఎవరికీ కొనకండి. సెలవుల శనివారం, ఆదివారం తప్పకపోతే టెన్త్, ఇంటర్ పిల్లలకి, వాళ్లతో ఒక పెద్దవాళ్లకి కొనండి, నాలుగు చాలు. కొనేముందు అది ఏయే రైడ్లకి చెల్లుతుంది, ఒక్కో రైడ్‌కి ఎన్నిసార్లు అన్నది చదవండి. అన్నిటికీ ఉంటుందనుకుని కొని అక్కడ గొడవపడేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

బెంజి సర్కిల్:

చాలా ఉపయోగపడే వివరాలండీ. బుధవారానికి మార్చుకుంటున్నాం. 128 ఉన్న వాడు బూట్లతో 131 వస్తాడు, దానివల్ల ఏమైనా కలిసొస్తుందా? బట్టలు, లాకర్ల దగ్గర కూడా లైన్లుంటాయంటున్నారు, నిజమేనా?

పటమట అక్క:

బూట్లు లెక్కలోకి రావమ్మా. రైడ్ దగ్గర అనుమానమొస్తే విప్పించి కొలుస్తారు. ఇంట్లోనే గోడకి మడమలు ఆనించి, తలమీద అట్ట పెట్టి పెన్సిల్ గీత గీసి కొలవండి. టికెట్ కూడా ఎత్తును బట్టే: 85 సెం.మీ. లోపు ఉచితం, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, ఆపైన పెద్దవాళ్లది. మీ ఇద్దరికీ పిల్లల టికెట్టే. ఏయే రైడ్‌కి ఎంత ఎత్తో ముందే బాబుకి చెప్పి ఉంచండి. అరగంట లైన్లో నిలబడి కొలకర్ర దగ్గర వెనక్కి పంపితే పిల్లలు తట్టుకోలేరు. మనం చేయగలిగింది కూడా ఏమీ ఉండదు.

లాకర్ల దగ్గర లైను నిజమే. మధ్యాహ్నం అందరూ ఒక్కసారి నీళ్లవైపు మళ్లుతారు, సాయంత్రం అందరూ ఒక్కసారి బయటికొస్తారు, ఆ రెండు పూటలూ బట్టలు మార్చుకునే గదుల దగ్గర తోపులాటే. నీళ్లలోకి నైలాన్ బట్టలే ఒప్పుకుంటారు. కాటన్ చొక్కా, జీన్స్, చీర, చుడీదార్ వేసుకుంటే దిగనివ్వరు. అక్కడ కొనాలంటే అదొక లైను, ధరా ఎక్కువే. బీసెంట్ రోడ్డులో ముందే కొనుక్కుని, ఇంటి దగ్గరే లోపల వేసుకుని పైన మామూలు బట్టలు వేసుకు రండి. అక్కడ పైవి విప్పి సంచీలో పెడితే చాలు, గదితో పనే ఉండదు. సాయంత్రం అందరికంటే అరగంట ముందే నీళ్లలోంచి లేస్తే తుడుచుకుని మార్చుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆ అరగంటలో పెద్ద రైడ్ల లైన్లు కూడా పలచబడతాయి, ఇంకో విడత ఎక్కొచ్చు.

లాకర్ పదకొండు మందికి రెండు తీసుకోండి. ఒకటే పెద్దది తీసుకుని తాళం ఒక్కరి దగ్గర పెడితే, ఫోన్ కావాలన్నా మందు కావాలన్నా ఆ మనిషిని పార్కంతా వెతకాలి. మంగళసూత్రం, గొలుసులు, జుంకాలు ఇంట్లోనే పెట్టి రండి. చున్నీలు వద్దు, జుట్టు గట్టిగా ముడి వేయాలి, కళ్లజోడుకి వెనక తాడు కట్టుకోవాలి. బండి ఎక్కాక ఇవన్నీ తీయిస్తూ ఆపరేటర్ ఆలస్యం చేస్తే వెనకున్న అందరికీ లైను పెరుగుతుంది.

బయటి తిండి లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బాలు తెస్తే తనిఖీ దగ్గరే ఆపేస్తారు, బండిలో పెట్టి రమ్మంటారు, అలా పావుగంట పోతుంది. పాపకి కావాల్సినది, షుగర్, బీపీ మాత్రలు ఉంటే చిన్న సంచీలో విడిగా పెట్టి తనిఖీ దగ్గర ముందే చూపించండి. భోజనం పన్నెండుకే కానివ్వండి, లేదంటే రెండున్నర దాటాక. ఒంటిగంటకి హోటళ్ల దగ్గర నిలబడే టైములో ఒక రైడ్ ఎక్కేయొచ్చు, అప్పుడు లైన్లు కాస్త తగ్గుతాయి. తిన్న వెంటనే తిప్పేవి మాత్రం వద్దు, కనీసం ముప్పావుగంట ఆగండి.

టికెట్లు ఆన్‌లైన్‌లో కొని క్యూఆర్ కోడ్‌ని ముగ్గురి ఫోన్లలో ఫొటోలా దాచండి. గేటు దగ్గర జనం ఎక్కువైతే నెట్ సరిగా రాదు, ఒక్క ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పదకొండు మందీ ఆగిపోతారు.

కృష్ణలంక:

మామయ్యగారు వాళ్లు రోజంతా కూర్చోవాల్సి వస్తుంది, వాళ్లని రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గర దింపి వెళ్తే కుదరదా? అది మన దారిలోనే వస్తుంది కదా.

అరండల్‌పేట:

దారిలోదే, పెద్ద అంబర్‌పేటకి ముందే వస్తుంది. కానీ అది బస్సుల్లో తిప్పి చూపించే రోజంతటి కార్యక్రమం, నడకా మెట్లూ ఎక్కువే. వాళ్లిద్దరినీ అక్కడ ఒంటరిగా వదిలితే సాయంత్రం రెండు చోట్లకీ బండి తిరగాలి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ పూర్తిగా చూడలేరు.

పటమట అక్క:

వాళ్లని మీతోనే తీసుకెళ్లండి. వేవ్ పూల్ ఒడ్డున నీడలో కూర్చోడానికి బాగుంటుంది, అలలు వదిలే ముందు మోత వినిపిస్తుంది, పాపని మోకాలి లోతులో ఆడించొచ్చు. 96 సెం.మీ. పాపకి చిన్నపిల్లల రైడ్లు, చిన్న కొలను ఎలాగూ ఉన్నాయి, వాటి దగ్గర లైను తక్కువే. మీరు పెద్ద రైడ్లకి వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లల్నీ అత్తయ్యగారి మీదే వదలకుండా పెద్దవాళ్లొకరు అక్కడ ఉండేలా వంతులు వేసుకోండి. మీ వంతు అయ్యాక మళ్లీ లైను మొదట్నుంచి నిలబడకుండా రెండోవాళ్లని పంపిస్తారా అని ఆపరేటర్‌ని లైన్లో చేరకముందే అడగండి. కొన్ని పార్కుల్లో ఒప్పుకుంటారు. సగం దూరం వెళ్లాక అడిగితే వెనకవాళ్లు ఊరుకోరు.

లూప్ కోస్టర్:

ఇంకొక్కటి. లోపలికి అడుగుపెట్టగానే ఆ రోజు ఏ రైడ్ నడవదో, నీళ్లవి ఎన్నింటికి తెరుస్తారో, పెద్ద రైడ్ల లైను గేటు సాయంత్రం ఎన్నింటికి మూస్తారో అక్కడి సిబ్బందిని అడిగి ఫోన్‌లో రాసుకోండి. పార్కు మూసే టైమూ లైను మూసే టైమూ ఒకటే అనుకుని చివరి రైడ్ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.