ఆసియా కప్‌లో భారత్, పాకిస్థాన్‌లను ప్రతిసారీ ఒకే గ్రూపులో వేయడం న్యాయమేనా?

పన్నెండో ఆటగాడు:
2018, 2022, 2023, 2025. వరుసగా నాలుగు ఆసియా కప్‌లలో మన జట్టు, పాకిస్థాన్ ఒకే గ్రూపులో ఉన్నాయి. చీటీలు తీస్తే నాలుగుసార్లూ ఇలాగే పడతాయా? గ్రూపులో ఒకసారి, గ్రూపులు దాటిన నాలుగు జట్లు ఆడే సూపర్ ఫోర్‌లో ఒకసారి, అదృష్టం బాగుంటే ఫైనల్లో ఇంకోసారి. టోర్నీ మొత్తం ఈ మూడు మ్యాచ్‌ల కోసమే అల్లుతున్నారు. 2025లో ఆ ముచ్చట కూడా తీరింది: సెప్టెంబరు 14, 21, 28. మూడూ ఆదివారాలే. మిగిలిన ఆరు జట్లు పెళ్లిపందిట్లో కుర్చీలు నింపడానికి వచ్చినట్టు వచ్చి వెళ్లాయి. నా మాటలో తప్పుంటే చెప్పండి.

కొత్త బంతి:
2025 ఫైనల్ గెలిచి కూడా మనవాళ్లు అప్పటి ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు, పాకిస్థాన్ బోర్డు అధినేత నఖ్వీ చేతుల మీదుగా ట్రోఫీ తీసుకోలేదు. చర్చించాల్సింది అది కదా?

రేడియో కామెంటరీ:
పన్నెండో ఆటగాడు గారూ, పెళ్లిపందిరి అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆ పెళ్లి ఖర్చు ఎవరు పెడుతున్నారు? ప్రసార హక్కులు కొనేవాడు ఏ మ్యాచ్ చూసి డబ్బు పెడతాడో మీకు తెలియనిది కాదు. ఆ డబ్బులోంచే కదా చిన్న జట్లకు మైదానాలు, కోచ్‌లు వచ్చేది.

పైగా రాజకీయం ఇప్పుడే చొరబడినట్టు మాట్లాడుతున్నారు. 1984లో షార్జాలో మూడు జట్లతో మొదలైన టోర్నీ ఇది. రెండోసారికే, 1986లో, శ్రీలంకతో సంబంధాలు చెడి మనం వెళ్లలేదు. 1990-91లో మన దేశంలో జరిగితే పాకిస్థాన్ రాలేదు. 1993లో అసలు టోర్నీయే రద్దయింది. ఆడించడమే గగనమైన చోట ఏ గ్రూపులో వేశారని లెక్కలు తీస్తే ఎలా?

మూడో అంపైర్:
ఒక సవరణ. చీటీలు తీసినా ఇలా పడటం అసాధ్యం కాదు. ఆరు జట్లను రెండు గ్రూపులు చేస్తే ఏ రెండైనా కలిసి పడే అవకాశం అయిదింట రెండు వంతులు. ఎనిమిది జట్లయితే ఏడింట మూడు. నాలుగు టోర్నీలకు హెచ్చవేస్తే దాదాపు నూటికి మూడు.

పన్నెండో ఆటగాడు:
నూటికి మూడా! ధన్యవాదాలు మూడో అంపైర్ గారూ, నా వాదనకు అంకెలు మీరే ఇచ్చారు.

రేడియో కామెంటరీ గారూ, డబ్బు సంగతి ఒప్పుకుంటాను. మరి 2023లో రిజర్వు డే మాటేమిటి? టోర్నీ సగంలో ఉండగా నిబంధన మార్చారు. సూపర్ ఫోర్ మ్యాచ్‌లన్నింటిలో ఒక్క భారత్–పాకిస్థాన్ మ్యాచ్‌కే వాన పడితే మర్నాడు ఆడే వీలు కల్పించారు. అదే కొలంబో, అదే వాన. శ్రీలంక, బంగ్లాదేశ్ ఏం పాపం చేశాయి?

రేడియో కామెంటరీ:
సూపర్ ఫోర్‌లోని నాలుగు దేశాల బోర్డులూ ఒప్పుకున్నాకే మార్చారు. అసలు ఆ రిజర్వు డే వల్ల నష్టపోయింది ఎవరు? మనమే. సెప్టెంబరు 10న 24.1 ఓవర్ల దగ్గర వాన ఆపేసింది. 11న మిగతాది ఆడారు. 12న శ్రీలంకతో మళ్లీ మ్యాచ్. వరుసగా మూడు రోజులు మైదానంలో ఉన్నది మన కుర్రాళ్లు. అది మేలు చేయడమా?

పన్నెండో ఆటగాడు:
ఒప్పుకోక ఏం చేస్తాయి? పెద్ద రైతు పొలం మీదుగా కాలువ నీళ్లు రావాల్సిన చిన్న రైతు ఏమంటాడు? సరేనంటాడు.

14న జరిగిన శ్రీలంక–పాకిస్థాన్ మ్యాచ్ గుర్తుందా? గెలిచినవాళ్లు ఫైనల్‌కు. అంటే సెమీఫైనల్ లాంటిదే. వాన వల్ల 42 ఓవర్లకు కుదించారు. చివరి బంతికి తేలింది, శ్రీలంక గెలిచింది. దానికి రిజర్వు డే లేదు. వాన ఇంకో రెండు గంటలు పట్టి ఉంటే ఆ చివరి బంతే ఉండేది కాదు.

లెగ్ బై:
ఫైనల్‌కు కూడా రిజర్వు డే ఉంది. అది కూడా చెప్పండి.

రేడియో కామెంటరీ:
మీ బాధ రిజర్వు డే గురించి కాదనిపిస్తోంది. ఒక్క రోజు పట్టుకుని ఇంతగా వేలాడుతున్నారు!

పన్నెండో ఆటగాడు:
అవును, వేలాడతాను. ఎందుకో చెబుతాను వినండి. నేను లీగు ఆడే రోజుల్లో మా ఆఖరి మ్యాచ్ వానలో కొట్టుకుపోయింది. చెరో పాయింటు ఇచ్చి ఇంటికి పొమ్మన్నారు. పక్క మైదానంలో కూడా అదే వాన. కానీ అక్కడ ఒక పెద్దమనిషి కొడుకు ఆడుతున్నాడు. వాళ్లకు మర్నాడు పొద్దున మళ్లీ పెట్టారు. పిచ్ మీద రంపపు పొట్టు చల్లి, గోనెసంచులతో నీళ్లు పిండి మరీ ఆడించారు. మేము ఆరుగురం ప్రహరీగోడ మీద కూర్చుని చూశాం. సెలెక్టర్లు వచ్చింది ఆ మర్నాడే. నా కిట్ సంచి అప్పటికి ఇంకా తడిగానే ఉంది.

రేడియో కామెంటరీ:
అదీ సంగతి! మీ ఊరి లీగు పంచాయితీ తీర్చలేదని ఆసియా కప్‌నే బోనెక్కించారు. మీరు అంత గొప్ప ఆటగాడైతే తర్వాతి ఏడాదైనా తీసుకునేవారు కదా!

పన్నెండో ఆటగాడు:
ఇక గారూ గీరూ అవసరం లేదు. నా ఆట గురించి మాట్లాడటానికి మీరెవరు? ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. 2025లో మన జట్టు ఒమన్‌తో ఆడిన మ్యాచ్ చూశారా?

రేడియో కామెంటరీ:
చూడలేదు. చూడను. ఎందుకు చూడాలి?

పన్నెండో ఆటగాడు:
నేను చూశాను. మనవాళ్లు 188 కొట్టారు. ఒమన్ 167 చేసింది, పడిన వికెట్లు నాలుగే. ఆమిర్ కలీమ్ వయసు 43. ఆ వయసులో మన బౌలింగ్ మీద 64 పరుగులు చేశాడు. 2018లో హాంకాంగ్ చూశారా? 286 లక్ష్యం. నిజాకత్ ఖాన్, అన్షుమన్ రథ్ తొలి వికెట్‌కు 174 జోడించారు. మన డ్రెస్సింగ్ రూములో ముఖాలు చూడాల్సింది. 26 పరుగులతో బయటపడ్డాం. మర్నాడే పాకిస్థాన్‌తో మ్యాచ్, ఇక దీని గురించి మాట్లాడిన నాథుడు లేడు. నాకు ఆసియా కప్ అంటే ఇది. రోజూ ఇలాంటి జట్టు మీద ఆడే అవకాశం రానివాళ్లు ఒక్క రోజు దొరికితే ఏం చేస్తారో చూడటం.

రేడియో కామెంటరీ:
సరే, నేనూ దాచకుండా చెబుతాను. నాకు ఈ టోర్నీ అంటే ఆ ఒక్క మ్యాచే. 1986 షార్జాలో ఆఖరి బంతికి పాకిస్థాన్ ఆటగాడు మియాందాద్ మన మీద సిక్సర్ కొట్టిన రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. నాన్న గిన్నెల మీద మూతలు పెట్టి పడుకున్నారు. తర్వాత ఎన్ని గెలిచినా ఆ రాత్రి పోలేదు. 2025 ఫైనల్లో మనం 20 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు మళ్లీ అదే కడుపులో దడ. మన హైదరాబాదు కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్‌గా నిలిచి గెలిపించాక లేచి వెళ్లి అన్నం వడ్డించుకున్నాను. మీరు న్యాయం, సమానత్వం అంటున్నారు. నాకు ఆ దడ కావాలి. ఏడాదికి మూడుసార్లు దొరికితే మూడుసార్లూ కావాలి.

మూడో అంపైర్:
సవరణ. 1986 సిక్సర్ ఆసియా కప్‌లోది కాదు, ఆస్ట్రల్-ఆసియా కప్‌లోది.

రేడియో కామెంటరీ:
తెలుసు నాయనా. కప్పు పేరు చూసి అన్నం మానేయలేదు.

పన్నెండో ఆటగాడు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. చిన్న జట్లకు మైదానాలు, కోచ్‌లు అంటూ ఎందుకు తిప్పారు? మీకు కావలసింది మీ పాత బాకీ వసూలు. అందులో నాకు అభ్యంతరం లేదు. దాని కోసం రెండు జట్లకు వేరే సిరీస్ పెట్టించమనండి. ఎనిమిది జట్లను పిలిచి ఆరింటిని గోడ మీద కూర్చోబెట్టవద్దు.

రేడియో కామెంటరీ:
వేరే సిరీస్ పెట్టనివ్వరనే కదా అందరూ ఈ టోర్నీ చూరు పట్టుకుని వేలాడేది! అది కూడా తీసేస్తే నాకేం మిగులుతుంది?

మీ ఆట గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అనకూడదు. గ్రూపుల విషయంలో మాత్రం నా మాట అదే.

ఒమన్ 167 చేసిందా? నాలుగే వికెట్లకా? ఇప్పుడే స్కోరు పట్టిక తీసి చూశాను. మనం ఎనిమిది వికెట్లు పోగొట్టుకున్నట్టు ఉంది, కెప్టెన్ సూర్యకుమార్ పేరు బ్యాటింగ్‌లో కనబడటం లేదు. దెబ్బ తగిలిందా?

పన్నెండో ఆటగాడు:
దెబ్బా లేదు, ఏమీ లేదు. తనకంటే ముందు మిగతావాళ్లందరినీ పంపి, తాను పదకొండో స్థానంలో ఉండిపోయాడు. చూసి ఉంటే తెలిసేది.

లెగ్ బై:
ఎనిమిది పడ్డాక కూడా రాలేదా? బౌలర్లు అర్ష్‌దీప్, కుల్దీప్‌ల తర్వాతా? దీని మీద వేరే చర్చ పెట్టాలి.