స్ట్రాస్‌బర్గ్ తీర్పు అమలైందని ఎలా తేలుస్తారు?

ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) పేపర్ రాస్తూ ఒక దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పుల అమలును చూసేది యూరప్ కౌన్సిల్ మంత్రుల కమిటీ. శిక్ష పడిన ఖైదీలందరికీ గుండుగుత్తగా ఓటు లేకుండా చేయడం తప్పని 2005లో హర్స్ట్ కేసులో బ్రిటన్‌కి వ్యతిరేకంగా తీర్పొచ్చింది. 2011లో అక్కడి దిగువ సభ 234–22 ఓట్లతో ససేమిరా అంది. చివరికి 2017లో, చట్టం ముట్టుకోకుండానే, తాత్కాలిక లైసెన్సు (కొద్దికాలం బయట ఉండే అనుమతి) మీద బయటికొచ్చిన ఖైదీలు ఓటేయొచ్చని సర్దుబాటు ప్రకటించారు. 2018లో కమిటీ ఫైలు మూసేసింది! జైలు లోపలున్న వాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఎక్కడిదక్కడే.

బోస్నియాలో యూదులు, రోమా జాతివాళ్లు అధ్యక్ష మండలికి పోటీ చేయలేకపోవడం వివక్ష అని 2009లో తీర్పిచ్చారు. రాజ్యాంగం మారలేదని ఆ కేసును మాత్రం ఏళ్ల తరబడి తెరిచే ఉంచారు. జైల్లో పెట్టిన ఉస్మాన్ కావలాను వదలాలన్న తీర్పును పాటించలేదని, కావలా కేసులోనైతే 2022లో టర్కీని కమిటీయే మళ్లీ కోర్టుకి లాగింది.

మరి ‘ఇంత చాలు’ అనడానికి కమిటీకి కొలమానం ఏంటి? నాకైతే సగం రాజకీయ బేరంలాగే కనిపిస్తోంది. తీర్పు అమలుకి ఏం చేశామో చెబుతూ ప్రభుత్వం ఇచ్చే యాక్షన్ రిపోర్టు మీద ఎన్జీవోలు కమిటీ నిబంధనల్లోని రూల్ 9 కింద పంపే అభ్యంతరాల వల్ల మూతపడబోయే కేసు ఆగిన సందర్భం ఎవరికైనా తెలుసా? కేసు పేరు చెప్పినా చాలు, మిగతాది నేను వెతుక్కుంటాను.